వేయించామని చెప్పిన సూది

కడియం నర్సరీల మధ్య ఉన్న ఒక ఇంటికి ఏడాదిన్నర పాటు, వారానికి మూడు మధ్యాహ్నాలు వెళ్ళాను. ఆ ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉండేది. దానికి నిలబడటం నేర్పడం నా పని.

నేను ఫిజియోథెరపిస్టుని. పొద్దున రాజమండ్రిలో ఆసుపత్రి డ్యూటీ, భోజనం అయ్యాక స్కూటరు మీద ఇళ్ళకి వెళ్ళి వ్యాయామాలు చేయించడం. ఎక్కువగా పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళు, మోకాళ్ళ ఆపరేషన్లు అయినవాళ్ళు. ఇన్నేళ్ళలో ఎన్ని గుమ్మాలు ఎక్కానో నాకే గుర్తు లేదు. కొందరు నయమై నన్ను మర్చిపోయారు, కొందరిని నేనే మర్చిపోయాను. ఈ పాపని మాత్రం మర్చిపోవడం నా వల్ల కాలేదు. కొంత దాని ముద్దుమాటల వల్ల, కొంత నేను చేసిన తప్పు వల్ల.

పాప ఏడో నెలలో పుట్టిందట. బతికి బట్టకట్టింది గానీ కాళ్ళు బిగిసిపోయాయి. చంకల కింద పట్టుకుని నిలబెడితే రెండు కాళ్ళూ కత్తెరలా ఒకదాని మీదకి ఒకటి వచ్చేసేవి. తెలివికి లోటు లేదు. మాటలైతే వయసుకి మించి వచ్చేవి. మొదట్లో వాళ్ళమ్మ దాన్ని ఎత్తుకుని ఆటోలో మా ఆసుపత్రికి తెచ్చేది. వచ్చిన ప్రతిసారీ పని మానుకోవాలి. నాలుగోసారికి రాలేదు. నేనే ఫోన్ చేసి, మీ ఇంటికి వస్తానని చెప్పాను.

వాళ్ళమ్మ నర్సరీలో నల్ల కవర్లలో మట్టి నింపి మొక్కలు నాటే పనిలో ఉండేది. నాన్న లారీలకి మొక్కలెక్కించేవాడు, ఒక్కోసారి లారీతో పాటే వెళ్ళి ఐదారు రోజులకి తిరిగొచ్చేవాడు. నర్సరీ వెనక యజమాని ఇచ్చిన రెండు గదుల్లో వాళ్ళ కాపురం. పగలంతా పాపని చూసుకునేది నాయనమ్మ. ఆవిడకి నా మీద మొదట నమ్మకం కుదరలేదు. పిల్ల ఏడుస్తున్నా కాళ్ళు లాగుతుందేంటి ఈవిడ అన్నట్టు చూసేది. రెండు నెలలయ్యాక ఒకరోజు పాప బాసింపట్టు వేసుకుని దానంతటది కూర్చుంది. ఆరోజు నుంచి నేను వెళ్ళేసరికి నాకో గ్లాసు మజ్జిగ సిద్ధంగా ఉండేది.

మామూలు వ్యాయామాలంటే పాపకి విసుగు. అందుకని నర్సరీ పనినే వ్యాయామం చేశాను. మొక్కలు పెట్టే ఇనుప బల్ల ముందు నిలబెట్టి, నేను వెనక నుంచి నడుము పట్టుకుంటే, అది ఒక చేత్తో బల్ల పట్టుకుని, ఇంకో చేత్తో చిన్న డబ్బాతో మట్టి తీసి కవర్లో పోసేది. మొదటి రోజు ఒక్క కవరు కూడా నిండలేదు, కూలబడిపోయింది. నెల తిరిగేసరికి రెండు కవర్లు, తర్వాత నాలుగు. నిమిషాలు లెక్కపెట్టడం మానేసి కవర్లు లెక్కపెట్టుకునేవాళ్ళం. వాళ్ళ నాన్న షేడ్ నెట్ కింద రెండు వెదురు గెడలు నడుము ఎత్తులో కట్టి ఇచ్చాడు, వాటి మధ్య పట్టుకుని అడుగులేయడానికి. అటూ ఇటూ గులాబీ అంట్లు, మందార మొక్కలు. నీళ్ళు కొట్టిన మట్టి వాసన. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో కూడా అక్కడ చల్లగా ఉండేది.

పాప నన్ను కాళ్ళమ్మ అనేది. కాళ్ళ కోసం వస్తాను కాబట్టి. నాయనమ్మ కోప్పడేది, అమ్మవారిని పిలిచినట్టు ఆ పిలుపేంటే, మేడం గారు అను అని. పాప వినేది కాదు. నా స్కూటరు చప్పుడు వినగానే లోపల్నుంచే “కాళ్ళమ్మ వచ్చింది” అని అరిచేది. ఆ కేక కోసమే నేను గేటు దగ్గర ఒకసారి హారన్ కొట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మ పని మధ్యలో చేతులు కడుక్కుని వచ్చి మా పక్కన చతికిలబడింది. ఏదో అడగాలని వచ్చినట్టు తెలుస్తోంది. నాయనమ్మ ఇంట్లో లేనప్పుడు చూసి వచ్చింది.

“మొన్న పాపకి ఆయాసం వస్తే పిల్లల డాక్టరు గారికి చూపించేమండి. ఆటలమ్మ రాకుండా సూది ఉంది, ఈ పిల్లకి ఊపిరి అసలే అంతంత మాత్రం, వేయించండి అన్నారు. గవర్నమెంటోళ్ళు వేసే సూదుల్లో అది లేదంటండి, మనమే కొనుక్కోవాలంట. మా అత్తేమో, అమ్మవారికి సూదేంటి, తప్పు కదా అంటంది. మీరైతే ఏం చేస్తారండి?”

వేయిస్తాను అన్నాను. డాక్టరు గారు చెప్పింది నిజమే. మామూలు పిల్లలకి వచ్చి పోయేదే అయినా, ఊపిరి బలం లేని పిల్లలకి అది ఊపిరితిత్తులకి పాకితే కష్టమవుతుంది. ఇవన్నీ విడమర్చి చెప్పాను. ఆమె తలూపుతూ విన్నది. తర్వాత అడిగింది.

“మీ బాబుకి వేయించేరా అండి?”

“ఆ, వేయించాం,” అన్నాను.

ఎందుకలా అన్నానో అప్పుడు ఆలోచించలేదు. మావాడికి అప్పటికి ఆరేళ్ళు. వాడి టీకాల పుస్తకంలో ఆ గడి ఒక్కటే ఖాళీగా ఉంది. ఏడాది దాటాక డాక్టరు గారు చెప్పినప్పుడు వాడికి జలుబు, తగ్గాక చూద్దాం అనుకున్నాం. తగ్గాక ఇంట్లో మాట వచ్చింది. మా అత్తయ్య గారు, నా పిల్లలు ముగ్గురికీ అమ్మవారు పోసింది, పది రోజులు చల్లగా చూసి వెళ్ళిపోయింది, దానికి కూడా సూదులా అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. మా ఆయన సామర్లకోటలో ఉద్యోగం, పొద్దున రైలెక్కితే చీకటి పడ్డాకే రావడం. ఆసుపత్రిలో పనిచేసేదానివి, నీకు తెలియదా, నువ్వెలా అంటే అలా అన్నారు. అంటే నిర్ణయం నాదే. నేను అవుననీ అనలేదు, వద్దనీ అనలేదు. అత్తయ్య గారితో వాదన పెట్టుకోవడం ఇష్టం లేక కొంత, ఆటలమ్మే కదా అన్న ధీమా నాలోనూ ఉండి కొంత, ఊరుకున్నాను. ఊరుకుంటూ ఊరుకుంటూ ఏళ్ళు గడిచిపోయాయి.

ఆ వారంలోనే పాపకి సూది వేయించారు. వాళ్ళమ్మ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చి నాకు చూపించింది, అందులో సరిగ్గా రాశారా లేదా చదివి చెప్పమంది. సరిగ్గానే ఉంది. రెండో డోసు ఎప్పుడో కూడా రాసి ఉంది. అత్త గారు ఎలా ఒప్పుకున్నారని అడిగాను. మీ బాబుకి వేయించేరని చెప్పేనండి, ఇంకేం మాట్లాడలేదు అంది. నాయనమ్మ మాత్రం అదే రోజు అమ్మవారి గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి, తప్పైతే క్షమించమని దణ్ణం పెట్టుకుని వచ్చిందట.

ఆ సాయంత్రం స్కూటరు మీద వస్తూ, ఈ ఆదివారం మావాడిని తీసుకెళ్ళి వేయించేయాలి అనుకున్నాను. ఆదివారం ఇంటికి చుట్టాలు వచ్చారు. ఆ తర్వాత వాడి పరీక్షలు. ఆ తర్వాత ఏం అడ్డం వచ్చిందో గుర్తు కూడా లేదు. మూడు నెలలు గడిచాయి.

ఆ మూడు నెలల్లో పాప పన్నెండు కవర్ల దాకా వచ్చింది. నడుము దగ్గర నా చేతులు నామమాత్రంగా ఉండేవి. ఒక బుధవారం, కవరు మూతి సరిగ్గా తెరుచుకోకపోతే, విసుక్కుని బల్ల మీద ఆనించిన చెయ్యి తీసేసింది. రెండు చేతులతో కవరు మూతి విప్పుతోంది. దేన్నీ పట్టుకోలేదు. నేను మెల్లగా నా చేతులు కూడా తీసేశాను. పాపకి తెలియదు, దాని ధ్యాసంతా కవరు మీదే ఉంది. నాయనమ్మ చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను. ఏడు అంకెలు. అప్పుడు ఊగింది, పట్టేసుకున్నాను.

వాళ్ళమ్మ ఆరోజు నర్సరీలో అవతలి చివర లారీ లోడింగు దగ్గర ఉంది. పిలుద్దామా అంది నాయనమ్మ. వద్దండి, శుక్రవారం వస్తాను కదా, అప్పుడు వాళ్ళమ్మ ఎదురుగానే నిలబెడదాం అన్నాను. పాపతో కూడా చెప్పాను, శుక్రవారం అమ్మకి చూపిద్దామని. అది బుద్ధిగా తలూపింది.

గురువారం పొద్దున మావాడికి స్నానం చేయిస్తుంటే వీపు మీద నీటి పొక్కులు కనిపించాయి. రెండు రోజులుగా ఒళ్ళు వెచ్చగా ఉంటే జలుబు అనుకున్నాం. స్కూల్లో ఒకబ్బాయికి వచ్చిందని ఆ తర్వాత తెలిసింది. మధ్యాహ్నానికి మొహం నిండా పోసింది. అత్తయ్య గారు చూసి చెంపలేసుకుని, గుమ్మానికి వేపాకు కట్టారు. ఇంట్లో పోపు మానేశాం.

నాకు చిన్నప్పుడు వచ్చిందో లేదో నాకు తెలియదు. మా పుట్టిల్లు యానాం. అమ్మకి ఫోన్ చేశాను. నీకు పోయలేదే, మీ అక్కకి పోసినప్పుడు నిన్ను అమ్మమ్మ గారింటికి పంపించేశాం అంది. డాక్టరు గారిని అడిగితే, ఇప్పుడైనా మీరు వెంటనే సూది వేయించుకోండి అన్నారు. మందుల షాపుల్లో ఆ వారం అది దొరకలేదు. మీకు కూడా రావచ్చు, పొక్కులు కనపడక ముందే ఇంకొకరికి అంటించవచ్చు, మూడు వారాలు పిల్లల దగ్గరికి వెళ్ళకండి అన్నారు. ఆసుపత్రికి సెలవు పెట్టాను. అన్ని ఇళ్ళకీ ఫోన్ చేసి రానని చెప్పాను. కడియం ఫోన్ మాత్రం చివరికి ఉంచుకున్నాను.

పాప వాళ్ళమ్మ ఎత్తింది. మా బాబుకి ఆటలమ్మ వచ్చింది, మూడు వారాలు రాలేను అన్నాను. సూది వేయించారు కదా, మరి ఎలా వచ్చింది అని ఆమె అడిగి ఉంటే, ఒక్కోసారి వేయించినా వస్తుంది అని చెప్పి తప్పించుకోవచ్చు. అది అబద్ధం కూడా కాదు. కానీ ఆమె అడగలేదు. అడగకపోయేసరికి దాచలేకపోయాను.

“మీకు నేను అబద్ధం చెప్పానమ్మా. మావాడికి సూది వేయించలేదు.”

“ఆయ్,” అంది. “పర్లేదండి. మీరు వేయించేం అనబట్టే కదండీ మా అత్త ఒప్పుకుంది. మా పాపకి మంచే జరిగింది. బాబుకి జొరం ఎంతుందండి?”

ఆమె ఒక్క మాట తిట్టినా నాకు తేలికగా ఉండేది. బాబుకి బొండాం నీళ్ళు పట్టించమని, గోళ్ళు కత్తిరించి ఉంచమని చెప్పి పెట్టేసింది.

మావాడికి పెద్ద బాధ లేకుండానే తగ్గింది. దురద తట్టుకోలేక రెండు రోజులు ఏడ్చాడు, మూడో రోజు నుంచి మంచం మీద వేపాకుల మధ్య కూర్చుని బొమ్మల ఛానెల్ చూశాడు. నుదుటి మీద రెండు మచ్చలు మిగిలాయి. పదో రోజున పొక్కులన్నీ ఎండిపోయాక అత్తయ్య గారు పసుపూ వేపాకూ వేసిన నీళ్ళతో తలంటి, అమ్మవారికి పెరుగన్నం నైవేద్యం పెట్టారు.

ఆ రోజుల్లో నేను పాపకి ఫోన్లో వీడియో పెట్టి వ్యాయామాలు చేయించాను. ఫోన్ నాయనమ్మ చేతిలో ఉండేది. కాళ్ళు చూపించండి అంటే ముందు ఆవిడ మొహం, తర్వాత షేడ్ నెట్, తర్వాత ఏదో మొక్క, ఎప్పటికో ఒక మోకాలు కనిపించేవి. ఎంత వంచాలో మాటలతో చెప్పేదాన్ని. ఆవిడకి పాపని నొప్పి పెట్టడం ఇష్టం లేదు, సగం దాకా వంచి వదిలేసేది. నిలబెట్టడం ఆవిడ ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. పాప ఫోన్లోకి మొహం పెట్టి రోజూ ఒకటే అడిగేది, ఎప్పుడొస్తావు అని. వచ్చే సోమవారం కాదు, ఆ పై సోమవారం అనేదాన్ని. దానికి సోమవారాలు తెలియవు. ఎన్ని నిద్రలు అని అడిగేది. పది అన్నాను ఒకరోజు. మర్నాడు తొమ్మిది అని అదే చెప్పింది.

ఐదు నిద్రలు మిగిలి ఉండగా నాకు చలీ జ్వరమూ వచ్చాయి. పెద్దయ్యాక వస్తే ఆటలమ్మ ఎలా ఉంటుందో పుస్తకాల్లో చదివాను గానీ, ఒంటి మీద పడ్డాక తెలిసింది. నోట్లో, కళ్ళ రెప్పల మీద కూడా పొక్కులు. దగ్గితే పక్కటెముకలు విరిగినట్టు ఉండేది. డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి, మందులు రాసి, తేలికగా తీసుకోవద్దన్నారు. మావాడు గుమ్మం దగ్గర నిలబడి, దురదొస్తే గోకకూడదు అమ్మా, దువ్వెనతో మెల్లగా రాసుకో అని నాకు సలహాలిచ్చేవాడు. నీకు వచ్చేసింది కాబట్టి లోపలికి రావచ్చురా అన్నా నమ్మేవాడు కాదు.

అత్తయ్య గారే నాకు అన్నీ చేశారు. జావ కాచి తెచ్చారు, పక్క దుప్పట్లు రోజూ మార్చారు. ఒక పూట నా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఆవిడే అన్నారు.

“నేను ఆరోజు ఆ మాట అనకుండా ఉండాల్సిందమ్మా.”

“మీరు ఒక్కసారే అన్నారండి. నేను ఐదేళ్ళు ఊరుకున్నాను,” అన్నాను.

ఆవిడ నా చేతి మీద చెయ్యి వేయబోయి, పొక్కులు చూసి, దుప్పటి సర్దారు.

జ్వరం తగ్గిన మూడో రోజు కడియం నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళ యజమాని బెంగళూరు అవతల కొత్త నర్సరీ పెట్టాడట. నమ్మకమైన కుటుంబం కావాలని వీళ్ళని రమ్మన్నాడు. ఇల్లిస్తారు, పాపకి అక్కడ పెద్ద ఆసుపత్రులు ఉంటాయి. ఆదివారం బయల్దేరుతున్నారు.

“ఎల్లేలోపు ఒకసారి మిమ్మల్ని చూడాలని పాప గొడవ చేస్తందండి. మీ వీధిలోకి తీసుకొచ్చి గుమ్మం బయట నిలబడతాం. లోపలికి రాం. రమ్మంటారా?”

నా పొక్కులు అప్పటికి సగమే ఎండాయి. పాపకి పడింది ఒక్క డోసే. రక్షణ ఉంటుంది, కానీ నూటికి నూరు ఉంటుందని ఎవరూ చెప్పలేరు. దాని ఊపిరి సంగతి నాకు బాగా తెలుసు. రావద్దమ్మా అన్నాను. ఇంకో వారం ఆగడానికి కుదరదా అని అడిగాను. లారీలో చోటు మాట్లాడేశారట, కుదరదంది. పాపకి ఫోన్ ఇమ్మన్నాను. నిద్రపోతోంది అంది. నిజంగా నిద్రపోతోందో, నా మీద అలిగి ఫోన్ తీసుకోలేదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ బుధవారం జరిగింది మాత్రం ఆమెకి చెప్పాను. పాప పట్టు లేకుండా నిలబడిందని, ఏడు అంకెలు లెక్కపెట్టానని. అత్త చెప్పిందండి, కానీ నేను చూడలేదు కదా అంది. అక్కడికి వెళ్ళగానే థెరపీ చేసేవాళ్ళని వెతకండి, ఒక్క వారం కూడా ఆపకండి, ఆపితే కాళ్ళు మళ్ళీ బిగుసుకుంటాయి అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. అలాగేనండి అంది. ఏం చేయించాలో వరసగా కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపాను.

ఒంట్లో బలం వచ్చి స్కూటరు ఎక్కగలిగాక, పని ఏమీ లేకపోయినా కడియం వెళ్ళాను. గేటు దగ్గర హారన్ కొట్టబోయి మానేశాను. వెనక గదులకి తాళాలు వేసి ఉన్నాయి. షేడ్ నెట్ కింద వెదురు గెడలు విప్పేసి మల్లె తీగలకి ఊతం పెట్టారు. ఇనుప బల్ల మీద నల్ల కవర్లు వరసగా ఉన్నాయి, అన్నింటిలోనూ మొక్కలు లేచాయి. పాప నింపిన కవర్లు వాటిలో ఉన్నాయేమోనని చూశాను. ఉండే అవకాశం లేదు. అవి ఎప్పుడో లారీలెక్కి ఏ ఊళ్ళకో వెళ్ళిపోయి ఉంటాయి. ఎవరి పెరట్లోనో, ఏ అపార్టుమెంటు గేటు పక్కనో పెరుగుతూ ఉంటాయి. ఆ మట్టి ఎవరు పోశారో వాళ్ళకి తెలియదు. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో, పనివాళ్ళెవరో వచ్చి ఏ మొక్క కావాలండి అని అడిగారు. ఒక గులాబీ కొనుక్కుని వచ్చేశాను.

మొదటి రెండు నెలలు ఫోన్లు నడిచాయి. అక్కడ థెరపీ చేసేచోటు దూరమని, వాళ్ళాయనకి సెలవు దొరకక తీసుకెళ్ళలేదని చెప్పింది. తర్వాత దొరికిందని, వారానికి ఒకసారి తీసుకెళ్తున్నామని చెప్పింది. ఆ తర్వాత నంబరు పనిచేయడం మానేసింది. బుధవారాలు, శుక్రవారాలు, సోమవారాలు మధ్యాహ్నం రెండు కొట్టగానే నాకు ఎక్కడికో వెళ్ళాల్సినట్టు ఉండేది. ఆ వేళలకి వేరే ఇళ్ళు ఒప్పుకున్నాను. వేరే పిల్లలు కూడా దొరికారు, మంచి పిల్లలే. ఒకడు నిలబడ్డాడు, ఒకమ్మాయి నడిచింది. సంతోషంగానే ఉండేది. అయినా వాళ్ళని నిలబెట్టి అంకెలు లెక్కపెడుతూ ఏడు దగ్గరికి వచ్చేసరికి నా చేతులు వాటంతటవే వాళ్ళ నడుము దగ్గరికి వెళ్ళిపోయేవి.

పిల్లలున్న ఇంటికి వెళ్తే ఇప్పుడు టీకాల పుస్తకం నేనే అడిగి చూస్తాను. ఖాళీ గడి కనపడితే డాక్టరు గారిని అడగమంటాను. మీ బాబుకి వేయించారా అని ఎవరైనా అడిగితే జరిగింది జరిగినట్టు చెప్తాను. కొందరు వింటారు. కొందరు, మీ బాబుకి ఏం కాలేదు కదండీ, తగ్గిపోయింది కదా అంటారు. నిజమే, మా బాబుకి ఏం కాలేదు. అంతకు మించి వాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలియదు.

ఏడాది దాటాక ఒక సాయంత్రం, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. నేను దానవాయిపేటలో ఒక పెద్దాయన ఇంటి ముందు స్కూటరు స్టాండు వేస్తున్నాను. పాప వాళ్ళమ్మ. చుట్టాలింట్లో పెళ్ళికి రెండు రోజులు వచ్చారట, ఇప్పుడు బెంగళూరు రైలు కోసం రాజమండ్రి స్టేషన్లో ఉన్నారట. మీ నంబరు పాత ఫోన్లో పోయిందండి, ఇక్కడ మా వాళ్ళ దగ్గర దొరికింది అంది. రైలు ఇంకో ఇరవై నిమిషాల్లో ఉంది. పెద్దాయన వాళ్ళబ్బాయికి, కొంచెం ఆలస్యంగా వస్తానని చెప్పి స్కూటరు తిప్పాను.

ప్లాట్‌ఫారం మీదకి చేరేసరికి రైలు వచ్చి ఆగి ఉంది. వాళ్ళ నాన్న సామాన్లు లోపల పెడుతున్నాడు. నాయనమ్మ కిటికీలోంచి నన్ను చూసి దణ్ణం పెట్టింది. బోగీ మెట్ల పక్కన వాళ్ళమ్మ, ఆమె పక్కన పాప. పొడుగైంది. పసుపు గౌను వేసుకుంది, కాళ్ళకి మోకాళ్ళ దాకా ఊతం కోసం కట్టిన పట్టీలూ బూట్లూ ఉన్నాయి. ఒక చేత్తో వాళ్ళమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. నేను ఆగిపోయి చూశాను. ఎవరూ ఎత్తుకోలేదు, ఎవరూ నడుము పట్టుకోలేదు. చుట్టూ జనం తోసుకుంటూ వెళ్తున్నా పడిపోవడం లేదు.

“ఎవరో చెప్పు. నీకు కడియంలో కాళ్ళకి ఎక్సర్‌సైజులు చేయించేవారు కదా,” అంది వాళ్ళమ్మ.

పాప నన్ను పరీక్షగా చూసింది. గుర్తుపట్టాలని ప్రయత్నం చేసింది కూడా, ఆ సంగతి మొహంలో తెలుస్తోంది. గుర్తు రాలేదు. నేను ముందుకి వంగి, అలవాటు చొప్పున దాని కాలి మడమ మీద చెయ్యి వేశాను. చటుక్కున కాలు వెనక్కి తీసుకుని “బేడ” అంది. కన్నడంలో వద్దని. అలా కాలు వెనక్కి తీసుకోవడం కూడా దానంతటదే చేసింది, ఒంటి కాలి మీద అరక్షణం నిలబడి.

వాళ్ళమ్మ నొచ్చుకుంది. అక్కడ స్కూల్లో వేశామండి, అదే మాట్లాడతంది అంది. పర్లేదమ్మా అన్నాను. గోడ పట్టుకుని ఇల్లంతా తిరుగుతుందట, వాకర్‌తో స్కూలు గేటు దాకా వెళ్తుందట. నేను రాసి పంపిన కాగితం అక్కడి థెరపీ ఆవిడకి చూపించారట, ఆవిడ దాన్ని దాచుకుందట. సూది రెండో డోసు వేయించాం, మర్చిపోలేదండి అని కూడా చెప్పింది. మీ బాబు బాగున్నాడా అని అడిగింది. బాగున్నాడని చెప్పాను. ఇంతలో రైలు కూత వేసింది. వాళ్ళ నాన్న దిగి పాపని ఎత్తుకోబోతే, అది వద్దని తల అడ్డంగా ఊపి, మెట్టు పక్కనున్న ఊచ పట్టుకుంది. వాళ్ళ నాన్న వెనక నుంచి ఆసరా ఇచ్చాడు. మొదటి మెట్టు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. రైలు కదిలిపోతుందేమోనని నేను భయపడ్డాను. రెండో మెట్టు దగ్గర ఆయన ఇంక ఆగలేక ఎత్తుకుని లోపల పెట్టాడు.

రైలు కదిలాక కిటికీ దగ్గర వాళ్ళమ్మ పాప చెయ్యి పట్టుకుని ఊపించింది. పాప అటు పక్కన చాయ్ అమ్మే ఆయన్ని చూస్తోంది.

స్కూటరు తీసుకుని దానవాయిపేట వచ్చాను. పెద్దాయన మంచం మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి మాట కొంచెం ముద్దగా వస్తుంది, అయినా ఆరా తీయడం మానడు. ఇంత ఆలస్యం అయిందేంటమ్మా, ఎక్కడికెళ్ళావు అని అడిగాడు. తెలిసినవాళ్ళు ఊరెళ్తుంటే స్టేషన్‌కి వెళ్ళానండి అన్నాను. దగ్గరి వాళ్ళా అన్నాడు. దగ్గరి వాళ్ళేనండి అని చెప్పి, ఆయన కుడిచెయ్యి నా చేతుల్లోకి తీసుకుని, మూసుకుపోయిన వేళ్ళని ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను.